నర్మద పేరు పిలిచినప్పుడు

చేజారిపోయిన ఆ రోజు మామూలుగానే మొదలైంది. ఖానాపూర్‌లో కరీంనగర్ పోయే మొదటి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. యాదవ్వ కోడలిని కిటికీ వైపు కూచోబెట్టి, సంచిలోంచి పాత చీర తీసి మడిచి, ఆమె నడుముకూ సీటు రేకుకూ మధ్య పెట్టింది. బస్సు గుంతలో పడినప్పుడల్లా నర్మద కళ్లు మూసుకునేది. మూలిగేది కాదు.

వారం రోజుల నుంచి జ్వరం. పొద్దున తగ్గినట్టే తగ్గి, మధ్యాహ్నానికి చలి పెట్టుకొని వచ్చేది. మార్చి ఎండలో గొంగడి కప్పుకొని పళ్లు టకటకలాడించేది. ఎడమ డొక్కలో పోటు. ఊళ్లో సూదులిచ్చే రాయమల్లు తనకు తెలిసిన మందులన్నీ ఇచ్చి చూసి, చివరికి సిరంజి డబ్బా మూసేశాడు.

"ఇది నా చేతిల లేదు అత్తా. కరీంనగర్ తీస్కపో."

డాక్టర్ సుదర్శన్‌రావు ఆస్పత్రి కరీంనగర్ బస్టాండుకు దగ్గరే. పెద్దాయన. నర్మదను వెనక్కి తిప్పి, పక్కటెముకల కింద, వెన్నుకు పక్కగా బొటనవేలితో మెల్లగా నొక్కాడు. కుడివైపు నొక్కితే ఏమీ అనలేదు. ఎడమవైపు వేలు ఆనీ ఆనకముందే ఆమె బల్ల మీద నుంచి లేచి కూచుంది. ఆయన చేయి వెనక్కి తీసుకొని కాసేపు ఆ వేలినే చూసుకున్నాడు.

"కిడ్నీల ఏదో ఉన్నదమ్మా" అన్నాడు యాదవ్వతో. "మూత్రం దిగే తొవ్వల రాయి అడ్డం పడ్డట్టున్నది. వెనుక నిలిచిపోయిందంత చీము పట్టిందని నా అనుమానం. స్కానింగ్ తీస్తే తెలిసిపోతది. ఇయ్యాల్నే తీయించి నాకు చూపియ్యి. రెండింటి దాంక ఇక్కడ్నే ఉంట."

"రేపు తీస్తే కాదా సారూ?"

"రేపటిదాంక ఎందుకు? చీము పడితే కిడ్నీ ఖరాబైతది. ఆ చీము రక్తంల కలిస్తే మనిషికే ముప్పు."

ఆయన చీటీ మీద పేరు రాసి, చూడవలసింది కిడ్నీలని ఇంగ్లీషులో రాసి ఇచ్చాడు. అదే వీధిలో నాలుగు దుకాణాల అవతల, మందుల షాపు పక్క సందులో స్కానింగు. యాదవ్వ చీటీని కోడలి చేతిలో పెట్టి, ఆమె రెక్క పట్టుకొని నడిపించింది.

ఆ మిషన్ గురించి యాదవ్వ చాలానే విన్నది. కడుపులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లగాడో చెప్పే మిషన్ అని ఊళ్లో అందరికీ ఎరుకే. అందుకు తప్ప ఇంకొకందుకు దాని దగ్గరికి పోతారని అప్పటిదాకా ఆమెకు తెలియదు. సందులోకి తిరగగానే బెంచీలు కనబడ్డాయి. రెండు బెంచీల నిండా కడుపుతో ఉన్నవాళ్లే. వెనుక నిలబడ్డవాళ్లు అత్తలు, తల్లులు.

కౌంటరు దగ్గరి పిల్లగాడు చీటీ తీసుకొని మట్టికుండ చూపించాడు. "కడుపు నిండ నీళ్లు తాగి కూసో అక్కా. ఒంటికి పోవద్దు. గట్టిగ ఆపుకోవాలె."

నర్మద నాలుగు గ్లాసులు తాగింది. ఆపుకోవడం ఆమెకు కొత్త కాదు. పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టి, చీకటి పడితే గాని ఊరి బయటికి పోలేని ఆడవాళ్లకు అది అలవాటైన పనే. కానీ ఇప్పుడు లోపల నిండుతున్నకొద్దీ పోటు లేచింది. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకొని ముందుకు వంగి కూచుంది. వంగి, కడుపు దాచుకుంటున్నట్టు కూచున్న కోడలిని చూసి యాదవ్వ చుట్టూ ఒకసారి కలియజూసింది. చూసేవాళ్లకు ఎట్లా కనబడుతుందో ఆమెకు తెలుసు.

అప్పుడే సందులోకి చంద్రవ్వ వచ్చింది. అదే వాడ, మూడిండ్ల అవతలి ఇల్లు. వెంట కడుపుతో ఉన్న కూతురు.

"అగో, యాదక్క గూడ ఈడ్నే ఉన్నది" అని చంద్రవ్వ మొహం విప్పారింది. కళ్లు మాత్రం అప్పటికే నర్మద మీదికి పోయాయి. "నర్మదనా? ఏమైందే బిడ్డా, ఎన్నో నెల? చెప్పనే చెప్పకపోతివి అక్కా. నీ కొడుకు ముత్యం మస్కట్ పోయి ఏడాది దాటలేదా? ఏమోనమ్మ, నాకు దినాలు యాదికుండయి."

తన మాటకు తానే నవ్వింది. బెంచీ మీద ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. ఆ నవ్వులో విషం ఉందో లేదో యాదవ్వ ఆలోచించలేదు. రేపు పొద్దున్నే ఆ మాట బీడీల కార్ఖానాకు చేరుతుంది. అక్కడి నుంచి ఎవరో ఒకరు ఉత్తరానికి బదులు పంపే క్యాసెట్టులో రికార్డయి, మస్కట్‌లో కొడుకు ఉండే గదిలో పదిమంది ముందు వినబడుతుంది. ఆమెకు కనిపించింది అది.

"దానికెందుకైతది" అన్నది. "నాకు. నడుం పట్టేసి చస్తున్న. అది తోడొచ్చింది."

నర్మద తల ఎత్తింది. అత్త మొహం చూసి మళ్లీ దించుకుంది.

"గదే అనుకున్న" అని చంద్రవ్వ కూతురిని బెంచీ చివర ఇరికించి, తాను గుమ్మం పక్క నిలబడ్డది. అక్కడి నుంచి లోపలికి పోయేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఆమెను ఆనుకొనే పోవాలి.

చాలాసేపటికి పిల్లగాడు లోపలి నుంచి తల బయట పెట్టాడు. "నర్మద. నర్మద ఎవరు?"

నర్మద లేవబోయింది. యాదవ్వ ఆమె భుజం మీద చేయి వేసి అదిమి కూచోబెట్టి, తాను లేచింది.

"నేనే" అన్నది. చంద్రవ్వ వైపు తిరిగి, "చీటీ ఇది ఇచ్చింది కద, దీని పేరే రాసుకున్నరు పిచ్చోళ్లు" అని నవ్వింది కూడా.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. స్కానింగు తీసే డాక్టర్ శ్రీధర్‌రావు ఆమె మొహం చూడలేదు. ఆయన చూపంతా చిన్న టీవీ లాంటి పెట్టె మీదే. పక్కకు తిరగమన్నాడు. నడుముకు చల్లటి జిగురు రాశాడు. చేతిలో పట్టుకున్న ముక్కను డొక్క మీద అటూ ఇటూ నడిపించాడు. ఊపిరి పట్టుకోమన్నాడు, వదలమన్నాడు. యాదవ్వ చెప్పినట్టల్లా చేసింది. తన నడుములో ఏ నొప్పీ లేదు. ఎప్పుడు చెప్పాలా అని మాత్రమే చూస్తున్నది. అయ్యా, కోడలు బయట ఉన్నది, ఇదంతా దానికే, గుమ్మంల ఉన్న మనిషి పోయినాక దాన్ని లోపలికి తెస్త. మాటలు కూర్చుకున్నది.

"రెండూ మంచిగున్నయమ్మా" అన్నాడాయన. "రాయి లేదు, వాపు లేదు."

"సారూ" అన్నది యాదవ్వ.

ఆ పిలుపుతోపాటే పెట్టెలో వెలుగు చుక్కలా కుంచించుకొని ఆరిపోయింది. ఫ్యాను నెమ్మదించింది. బయట ఆడవాళ్ల గోల లేచింది.

"పోయింది కరెంటు" అన్నాడు శ్రీధర్‌రావు కుర్చీలో వెనక్కి వాలి. "ఇగ నాలుగింటికే వచ్చేది. పో అమ్మా, రిపోర్ట్ బయట ఇస్తరు."

కిటికీ దగ్గర ఒకామె టైపు కొట్టి కాగితం ఇచ్చింది. వయసు ఎవరూ అడగలేదు. నాలుగింటి దాకా ఉందామన్నా పెద్ద డాక్టరు రెండింటికే పోతాడు, ఊరి బస్సూ దొరకదు. చంద్రవ్వ మాత్రం, "వచ్చినం కద, రాత్రి ఉండైన తెలుసుకొనే పోత" అని బెంచీ మీద కాళ్లు ముడుచుకున్నది.

సుదర్శన్‌రావు రిపోర్టు చదివాడు. ఇంకోసారి చదివాడు. నర్మదను తిప్పి మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆమె ఎగిరిపడ్డది.

"నా వేలుకు ఒకటి తెలుస్తున్నది, మిషన్ ఇంకొకటి చెప్తున్నది" అన్నాడు తనలో తాను. కొంతసేపు బల్ల మీద వేలితో కొట్టుకున్నాడు. "మిషన్ లోపలంత చూస్తది. మనం పై నుంచే చూస్తం. సరే. కిడ్నీలల్ల ఏం లేదు. రెండు దిక్కుల మంచిగున్నయి. నొప్పి నరం పట్టిందేమో. చలిజ్వరానికి మందు రాస్తున్న."

ఏం లేదు అని ఆయన అన్నప్పుడు యాదవ్వ గుండెలో బరువు దిగినట్టయింది. ఆ ఒక్క క్షణం ఆ మాట నర్మదను గురించే అనుకున్నది. ఆ కాగితం తన నడుముదని గుర్తొచ్చేసరికి ఆయన చీటీ రాస్తున్నాడు. చెప్పాలి. చెబితే ఏమంటాడో. చదువురానివాళ్లు నన్నే మోసం చేస్తారా అని బయటికి గెంటితే, గుమ్మంలో ఉన్నవాళ్లంతా వింటారు. అయినా మలేరియా కూడా కావచ్చు కదా. ఊళ్లో ఎంతమందికి లేదు.

నర్మద ఆమె వైపే చూస్తున్నది. అడుగుతున్నట్టు కాదు. ఊరికే చూస్తున్నది.

యాదవ్వ చీటీ అందుకొని దండం పెట్టింది.

బస్సు జగిత్యాల దాటినాక నర్మద అన్నది. "చెప్పకపోతివి అత్తా."

"చెప్త. జర ఆగు. జ్వరం దిగకుంటే మల్ల వద్దాం. నీ మంచికే చేసిన బిడ్డా. నా బిడ్డనైనా గట్లనే చేద్దును."

నర్మద తల కిటికీ ఊచకు ఆనించి కళ్లు మూసుకున్నది. 

ముత్యం పంపిన పైసలతో కట్టిన ఇల్లు వాడలో అందరికీ గుర్తు. స్లాబు వేశారు. ముందు గ్రిల్లు పెట్టించారు. గోడలకు గులాబీ రంగు. గ్రిల్లు ముందు గద్దె మీద యాదవ్వ భర్త లింగమూర్తి కూచొని ఎదురుచూస్తున్నాడు. బస్సు దిగి వస్తున్న ఇద్దరినీ చూసి లేచాడు.

"ఏమన్నరు?"

యాదవ్వ చెప్పులు విడవడంలో ఆలస్యం చేసింది. "కిడ్నీలు మంచిగనే ఉన్నయట."

"దేవుడు దయగలోడు" అని లింగమూర్తి చేతులు జోడించాడు. సాయంత్రానికి ఆ మాట వాడంతా చెప్పి వచ్చాడు. రాయమల్లు ఇంటికి వచ్చి సూది వేస్తూ, "మంచిదాయె, నేనే పరేషానై పంపిన" అన్నాడు. యాదవ్వ పొయ్యి ముందు కూచొని మంట ఎగదోసింది. ఎవరు వచ్చి మంచిదాయె అన్నా, ఎవరికీ కనబడకుండా తన నడుము ఎడమవైపు చేత్తో తడుముకునేది. అక్కడ ఏమీ లేదు. మంచిగున్నయి.

మరునాడు మందు పనిచేసిందో, సూది పనిచేసిందో, జ్వరం దిగింది. నర్మద లేచి మొహం కడుక్కొని, తడిపిన తునికాకు ముందు పెట్టుకొని కూచున్నది. రేకు ముక్క ఆనించి కత్తెరతో ఆకు కత్తిరించింది. చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల కొసలతో చుట్టి, దారం రెండు చుట్లు తిప్పి, గోటితో మూతి మలిచింది. ఎప్పుడూ చూడకుండానే చుట్టేది. వాడలో ఆమె చేతి వేగం కొద్దిమందికే ఉన్నది. ఆ రోజు మాత్రం ఒక్కొక్క బీడీని చూసుకుంటూ చుట్టింది. మధ్యలో వేళ్లు ఆగిపోయేవి. ఆకు చేతిలో ఆరిపోయేది. దాన్ని పక్కన పెట్టి ఇంకో ఆకు తీసేది.

"ఇయ్యాల ఎందుకే, పండుకోరాదు" అన్నది యాదవ్వ.

"కూసుంటేనే మంచిగున్నది."

కూచోగలిగింది కదా అని యాదవ్వ మనసును నిలబెట్టుకున్నది. కూచున్నది, చుట్టింది, నాలుగు ముద్దలు తిన్నది. మలేరియానే. మధ్యాహ్నం చంద్రవ్వ గ్రిల్లు దగ్గరికి వచ్చింది.

"నీ నడుం ఎట్లున్నది అక్కా?"

"తక్కువైంది."

"మా బిడ్డకు మొగపిల్లగాడేనట" అన్నది చంద్రవ్వ మెల్లగా. లోపలికి తొంగి చూసి, "నర్మదేంది గట్ల పసుప్పచ్చగున్నది? దాన్ని గూడ చూపియ్యకపోయినవా, ఎట్లాగు పోనే పోతివి" అన్నది.

యాదవ్వ చాట దులిపింది. చంద్రవ్వ గొంతులో కొంటెతనం లేదు. ఆ మాట అడిగిన తీరులో నిజంగానే దిగులున్నది. అది యాదవ్వకు ఇంకా కష్టమైంది.

మూడో నాడు పొద్దు పొడవకముందే ఆడవాళ్లు చెంబులు పట్టుకొని ఊరి బయట తుమ్మచెట్ల వైపు పోయారు. యాదవ్వ బ్యాటరీ లైటు పట్టుకొని ముందు నడిచింది. నర్మద నాలుగడుగులకోసారి ఆగింది. తుమ్మల చాటున కూచున్న మనిషి లేవలేదు. యాదవ్వ పిలిచింది. పలకలేదు. పోయి చూస్తే నర్మద పక్కకు ఒరిగి, చేయి నేల మీద ఆనించి ఉన్నది. ఒళ్లు కాలుతున్నది. వణకడం లేదు. బ్యాటరీ వెలుగులో తడిసిన మట్టి కనబడ్డది. తెల్లగా, చిక్కగా, కుడితి ఒలికినట్టున్నది. వాసనకు యాదవ్వ మొహం తిప్పుకున్నది. తిప్పుకున్నందుకు సిగ్గుపడి మళ్లీ అటే చూసింది.

"అత్తా" అన్నది నర్మద. "నన్ను పగటీలి తీస్కపో. చీకట్ల భయమైతున్నది."

పగలే అయిందో, చీకటే ఉందో ఆమెకు తెలియడం లేదు.

ఇంటికి తెచ్చేసరికి లింగమూర్తి లేచి ఉన్నాడు. బస్సుకు పోవాలని యాదవ్వ అన్నప్పుడు, "మొన్ననే చూపిస్తివి కద. మంచిగున్నయన్నరు. రాయమల్లును పిలుస్త ఉండు" అన్నాడు.

"జీపు మాట్లాడు" అన్నది యాదవ్వ. అంతకన్నా ఏమీ అనలేదు. ఆమె గొంతు విని ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

కరీంనగర్ స్కానింగు సందులో అవే బెంచీలు, అట్లాంటి ఆడవాళ్లే. లింగమూర్తి నర్మదను మోసుకొచ్చినట్టే పట్టుకొచ్చి గోడకు ఆనించి కూచోబెట్టాడు. యాదవ్వ కౌంటరు దగ్గరికి పోయింది.

"నర్మదకు స్కానింగ్ తీయాలె."

పిల్లగాడు గుర్తుపట్టాడు. "మొన్ననే అయింది కద. అంత మంచిగున్నదని రిపోర్ట్ ఇస్తిమి. మల్ల ఎందుకు?"

"మొన్న అయింది నాకు."

"మల్ల అదే కద నేననేది."

"నేను నర్మదను కాదు" అన్నది యాదవ్వ. గొంతు తగ్గించుకోలేదు. తగ్గించుకుంటే మళ్లీ మాట రాదని ఆమెకు తెలుసు. "దీని పేరు పిలిస్తే నేను పోయి పండుకున్న. ఆ కాగితంల ఉన్నయి నా కిడ్నీలు. దీనివి ఎవరు చూడలే."

 బెంచీ మీద ఒకామె సగం నవ్వి ఆపుకున్నది. లింగమూర్తి కోడలిని పట్టుకున్న చేయి వదలకుండానే భార్య వైపు తిరిగాడు. పిల్లగాడు లోపలికి పోయి శ్రీధర్‌రావును పిలుచుకొచ్చాడు. ఆయన ఈసారి యాదవ్వ మొహం చూశాడు.

"నర్మద ఎవరంటే నేనే అన్నవు."

"అన్న సారూ."

"ఎందుకు?"

యాదవ్వ బెంచీల వైపు చూసింది. "దీని పెనిమిటి మస్కట్‌ల ఉన్నడు. పోయి ఏడాది దాటింది."

  బెంచీ మీద ఉన్నవాళ్లలో సగం మందికి ఆ ఒక్క మాటతోనే అంతా అర్థమైంది. పిలుపు వచ్చి లేచి నిలబడ్డ ఒక చిన్నది మళ్లీ కూచొని, "ముందు ఆమెను తీస్కపోండ్రి" అన్నది.

యాదవ్వ లోపలికి పోయి కోడలి తల పట్టుకొని నిలబడ్డది. ముందు కుడివైపు పెట్టి చూశాడు. తర్వాత ఎడమవైపు. శ్రీధర్‌రావు చేయి ఆగింది. మొన్న తన డొక్క మీద ఆ చేయి ఎక్కడా ఆగకుండా పోయిన సంగతి యాదవ్వకు గుర్తుంది. పెట్టెలో నల్లటి గుంత కనబడ్డది. దాని చుట్టూ ఇంకొన్ని నల్లటి గుంతలు, ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకొని ఉన్నాయి. పెద్ద గుంతలో సగం దాకా నలుపు, కింద సగం బూడిద రంగు. మధ్యలో గీత గీసినట్టున్నది.

"అమ్మా, జర ఇటు తిరుగు" అన్నాడాయన నర్మదతో. ఇద్దరూ కలిసి ఆమెను తిప్పారు. బూడిద రంగు కదిలింది. లేచి, మబ్బులా తిరిగి, మెల్లమెల్లగా మళ్లీ కిందికి దిగి కొత్తగా గీత పెట్టుకున్నది. కదిలిన కుండలో మజ్జిగ మళ్లీ తేరుకున్నట్టు.

"గదేంది సారూ?"

"చీము. మూత్రమైతే నల్లగ ఒక్క తీరుగుంటది. ఇది అడుగున పేరుకున్నది." ఆయన వేలు ఇంకాస్త కిందికి జరిగింది. అక్కడ తెల్లగా మెరిసే గింజంత చుక్క. దాని వెనుక నల్లటి నీడ. "రాయి ఇగో ఈడ అడ్డం పడ్డది. పెద్ద సార్‌ను పిలువురా తొందరగ."

సుదర్శన్‌రావు చెప్పులు టకటకలాడించుకుంటూ వచ్చాడు. పెట్టెలోకి చూశాడు. ఎవరి మీదా అరవలేదు. శ్రీధర్‌రావు పెట్టెలో చూస్తూ నర్మద వీపు మీద సిరాతో గుర్తు పెట్టాడు. అక్కడే మత్తుసూది వేసి, సూది ఎంత లోతుకు పోవాలో ఆయన చెబుతుంటే సుదర్శన్‌రావు దించాడు. సిరంజిలోకి వచ్చింది మూత్రం కాదు. ఆస్పత్రికి తీసుకుపోయి అదే గుర్తు దగ్గర సన్నటి గొట్టం పెట్టారు. మంచం కింది సీసా సగానికి పైగా నిండింది. యాదవ్వ ఆ సీసా పక్కనే నేల మీద కూచున్నది.

సాయంత్రం సుదర్శన్‌రావు వచ్చి నాడి చూశాడు. వెళ్లబోతూ ఆగి, "నా వేలు సరిగ్గనే చెప్పింది. నేనే దాని మాట ఇనకపోతి" అన్నాడు. తనను తిడతాడని చూస్తున్న యాదవ్వ తలెత్తింది.

"బతుకుతదా సారూ?"

"చీము దిగుతున్నది. జ్వరం దిగాలె. రేపు చూద్దాం."

రెండు రోజులు అదే మాట చెప్పాడు. మూడో రోజు జ్వరం దిగి మళ్లీ లేవలేదు. సీసాలోకి వచ్చేది పలచబడ్డది. నర్మద కళ్లు తెరిచి తన చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూసింది. అత్తను కూడా.

"కిడ్నీ సంగతి ఇప్పుడే చెప్పలేను" అన్నాడు సుదర్శన్‌రావు. "మొన్ననే దించితే వేరు. చీములో ఉడికింది కద ఇన్ని దినాలు. గొట్టంతోనే ఇంటికి పోవాలె. నెల దాటినాక హైదరాబాద్‌ల రాయి తీస్తరు. అప్పుడు మల్ల స్కానింగ్ తీసి, పని చేస్తుందా లేదా చూస్తరు. చెయ్యకుంటే తీసేస్తరు."

యాదవ్వ లేచి నిలబడ్డది. "నావి రెండు మంచిగున్నయన్నరు కద సారూ. ఒకటి దీనికి పెట్టుండ్రి."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "గంత అవసరం రాదమ్మా. ఇంకొకటి ఉన్నది కద. దాన్ని కాపాడుకోవాలె. నీళ్లు బాగ తాగాలె, గంటగంటకు. రాళ్లు మల్ల పుట్టకుండ అంతకన్న మందు లేదు. బిందెడు నీళ్లు తాగాలె బిడ్డా, వింటున్నవా?"

గోడ వైపు మొహం పెట్టుకొని పడుకున్న నర్మద, ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"తాగితే లేవాలె సారూ. లేస్తే పగటీలి ఎటు పోవాలె?"

 

ఆ మధ్యాహ్నం లింగమూర్తి అన్నం గిన్నె తెచ్చాడు. అలసిపోయి ఉన్నాడు. మూత తీస్తూ, "ఊరంత తెలిసిపోయింది. అత్త పోయి కోడలి పేరు మీద పండుకున్నదట అని ఒక్కతీరుగ నవ్వుతున్నరు. నీ ఇంటిదాని కిడ్నీలు ఎట్లున్నయని హోటల్ల నన్ను అడుగుతున్నరు" అన్నాడు.

"దీన్ని ఏమన్న అంటున్నరా?"

"దీన్నెందుకంటరు. నిన్నే."

యాదవ్వ అన్నం కలిపి కోడలికి ముద్ద అందించింది. నర్మద తిన్నాక యాదవ్వ భర్తతో అన్నది. "ఇంటెనుక గుంత తవ్వియ్యి."

"దేనికి?"

"పాయఖానకు."

"ఇంట్లనా?" లింగమూర్తి గిన్నె కింద పెట్టాడు. "పొయ్యి పక్కపొంటా? ఊళ్లె ఎవరింట్ల ఉన్నదే? నవ్వుతరు."

"ఇప్పుడు నవ్వుతలేరా. ఇంకింత నవ్వనీ."

"స్లాబ్ మీద ఇంకో అర్ర ఎయ్యాలంటున్నడు కద పిల్లగాడు. ముందు వాన్ని అడగద్దా?"

"నేను చెప్త వానికి. అంత చెప్త" అన్నది యాదవ్వ. ముద్ద కలుపుతూనే అన్నది. నర్మద తల తిప్పి ఆమెను చూసింది. ఈసారి ఆ చూపులో అడగడం ఉన్నది. ఆమె నోరు తెరిచింది, ముద్ద కోసమే.

వాళ్లు ఇంటికి వచ్చేసరికి గుంత తవ్వి సిమెంటు రింగులు దించారు. గోడ మొదలైంది. అంతలో మేస్త్రీ పెద్ద పని దొరికిందని నిర్మల్ పోయాడు. వస్తానన్నాడు.

ఎండ నెత్తిన ఉన్న వేళ నర్మద చెంబెడు నీళ్లు ముందు పెట్టుకొని, బెదురుతున్నట్టు కొంచెం కొంచెం తాగింది. తర్వాత గొట్టం సంచి చేత్తో పట్టుకొని లేచింది. యాదవ్వ దండెం మీది చీర లాగి, ఇంటి వెనక్కి నడిచి, గోడ ముందు నిలబడి, చీర రెండు కొసలూ పట్టుకొని చేతులు బార చాపింది. వీపు కోడలి వైపు, మొహం బాట వైపు. బాట మీద చంద్రవ్వ నీళ్ల బిందెతో పోతూ ఆగింది.

"ఏంది యాదక్కా గది, పట్టపగలు?"

"కనబడ్తలేదా" అన్నది యాదవ్వ. "నర్మద కూసున్నది."

చంద్రవ్వ బిందె కింద పెట్టి వచ్చి, చీర ఒక కొస అందుకున్నది. ఇద్దరూ ఎండకు కళ్లు చికిలించి బాటను చూస్తూ నిలబడ్డారు.

హైదరాబాద్ పోవడానికి ఇంకా టైముంది. రాయి లోపలే ఉంది. గోడ మోకాలెత్తు లేచింది. తలుపు ఇంకా పెట్టలేదు.